ట్రిగ్గర్‌కు కట్టిన బంతిపూలు

హన్మకొండలో ఒక మూడంతస్తుల బిల్డింగు పైన పొడుగాటి గది ఉంది. అందులో నేను ఏడేళ్లుగా పని చేస్తున్నాను. ఊడవడం, తుడవడం, గోడ కింద రాలిన సీసపు గింజలను డబ్బాలోకి ఎత్తడం, చిల్లులు పడ్డ కాగితపు టార్గెట్లు తీసి కొత్తవి తగిలించడం నా పని. అది పిల్లలకు పిస్టల్ కాల్చడం నేర్పే గది. పిస్టల్ అంటే మందుగుండుది కాదు. గాలితో పేలేది, పోటీల్లో వాడేది. నేర్పే సారు మిలిటరీలో చేసి వచ్చినవాడు. పిల్లలు గీత మీద నిలబడి ఒంటిచేత్తో దాన్ని ఎత్తి, ఊపిరి బిగబట్టి, పది మీటర్ల దూరంలో ఉన్న నల్లటి చుక్కను చూస్తారు. అప్పుడు గదిలో నా చీపురు చప్పుడు కూడా వినపడకూడదు.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి నర్సంపేట అవతల ఒక పల్లె నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతిలో వచ్చింది, ఇప్పుడు ఇంటర్. హాస్టల్లో ఉంటుంది. సొంత పిస్టల్ లేదు. గదిలో మూడు ఉన్నాయి, వాటిలో రెండు పాతవి, పోటీకి పనికిరావు. మంచిది ఒక్కటే, దాంతోనే ఆమె ఆడుతుంది. నన్ను పెద్దమ్మా అంటుంది.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. వాడేసిన టార్గెట్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దాని మీద రాయించేది. చిల్లులున్న చోట పెన్సిల్ దిగబడి చిరిగిపోతుంది కాబట్టి చిల్లు పక్క నుంచి తిప్పి రాయాలి. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ దేన్నో తప్పించుకుని పోతున్నట్టు ఉంటాయి. ఆరు నెలలకు పేరు రాశాను, ఏడాదికి బస్సు బోర్డు చదివాను. ఆ తర్వాత ఒకరోజు ఆమె అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పిస్టళ్లుండే అల్మారీ తలుపుకు లోపలివైపు అంటించింది. "పిస్టల్ పెట్టెలు తెరవొద్దు. ట్రిగ్గర్ ముట్టుకోవద్దు." అది సారు పెట్టిన నియమమే. నేను రోజూ చదువుకోవడానికి ఉంటుందని తెలుగులో రాసింది. నేనూ రోజూ దుమ్ము తుడుస్తూ పైకి చదివేదాన్ని.

నేను చెప్పబోయే తప్పు తెలియక చేసింది కాదు. అందుకే ఈ అట్టముక్క సంగతి ముందే చెప్తున్నాను.

దసరా తర్వాత మూడు వారాలకు హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ ఉంది. అందులో నెగ్గితే హైదరాబాద్‌లోనే ఉంచి నేర్పుతారు. ఆ అమ్మాయికి తండ్రితో ఒక ఒప్పందం ఉంది. ఈసారి జట్టులోకి వస్తే ఆట, రాకపోతే ఆట బంద్. సెలవులకు ఇంటికి పోతూ నా పక్కన మెట్ల మీద కూర్చుని, "ఒక్క చాన్సే పెద్దమ్మా. మా నాయిన మాట అంటే మాటే" అంది. భయపడుతూ చెప్పలేదు. బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది. భయపడింది నేనే.

సారు కూడా పండక్కి ఊరికి పోతూ తాళాలు నాకిచ్చాడు.

"అల్మారీ తలుపుకు ఒక బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టు అక్కా. పెట్టెల జోలికి పోకు."

"గట్లనే సారూ" అన్నాను.

మా ఆయన బతికున్నన్నాళ్లు రైస్‌మిల్లులో పని చేశాడు. దసరా రోజు మిల్లులో మోటరు నుంచి తక్కెడ దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి పూలదండలు వేసేవాళ్లు. ఇంట్లో కొడవలి, గొడ్డలి, కత్తిపీట, ఆయన సైకిలు వరసగా గోడకు ఆనించి పెట్టి బొట్లు పెట్టేదాన్ని. చేతికి అన్నం పెట్టే వస్తువును ఆ ఒక్కరోజు మొక్కకపోతే ఏడాదంతా అది మనమీద అలుగుతుందని నా నమ్మకం. తలుపుకు బొట్టు పెడితే లోపలున్నదానికి చేరుతుందా? పైగా ఆ అమ్మాయికి ఒకటే చాన్సు.

అట్టముక్క చదివాను. చదివే పెట్టె తెరిచాను. రోజూ చూసే మాట కావడంతో అది నాకు హెచ్చరికలా కనపడలేదు, నా పాఠంలా కనపడింది.

పిస్టల్‌ను కొత్త బట్ట మీద పెట్టాను. పసుపు నూనెలో కలిపి గొట్టానికి, చెక్క పిడికి బొట్లు పెట్టాను. ట్రిగ్గర్‌కు కూడా పెట్టాను. ట్రిగ్గర్ అంటే వేలు పెట్టి లాగే మీట. ఆ అమ్మాయి వేలు తగిలేది అక్కడే కాబట్టి అక్కడ ఇంకో బొట్టు ఎక్కువే పెట్టాను. బంతిపూల దండను ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వంకీలోంచి తిప్పి, మీట వెనక నుంచి తీసి, గట్టిగా ముడివేశాను. అగరొత్తులు వెలిగించి, "బిడ్డ వేలుకు నువ్వే తోడుండాలె" అని మొక్కాను. ఎంత తృప్తిగా ఇంటికి పోయానో చెప్పలేను.

మర్నాడు పొద్దున దండ తీయబోతే ముడి రాలేదు. నూనె తాగిన దారం ఉబ్బి మీట వెనక సందులోకి పోయి ఇరుక్కుంది. కత్తెర తెద్దామని కూడా అనుకున్నాను. కానీ దండలు తీసేటప్పుడు పట్టుకుని ఒక గుంజు గుంజడం అలవాటు. గుంజాను. లోపల చిన్న చప్పుడైంది, పెసరగింజ పంటి కింద విరిగినట్టు. మీట వేలాడబడింది. పిన్నీసు పెట్టి కెలికితే గోరంత కూడా లేని ఒక ఇనుప ముక్క నా అరచేతిలో పడింది.

ఏం చేశానో వరసగా చెప్తాను. పిస్టల్‌ను బట్టతో మూడుసార్లు తుడిచాను. పెట్టెలో ఎట్లా ఉందో అట్లాగే పెట్టాను. పూలు చెత్తబుట్టలో కాకుండా నా సంచిలో వేసుకున్నాను. ఇనుప ముక్కను కాగితంలో చుట్టి కొంగున ముడేసుకున్నాను. ఇవన్నీ దొంగ చేసే పనులు. ఆ పనులన్నీ నా చేతులకు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి.

పిల్లలు తర్వాతి రోజు వచ్చారు. అమ్మాయి పెట్టె తెరిచి, పిస్టల్ ఎత్తి, మీట మీద వేలు పెట్టి, "సార్" అంది.

సారు చూశాడు. ఆ వర్షాకాలంలో ఒకసారి ఆమె తనంతట తానే ట్రిగ్గర్ బిగువు మార్చే స్క్రూ తిప్పి తిట్లు తిన్నది. ఆయనకు ముందుగా అదే గుర్తొచ్చింది.

"మళ్ల స్క్రూ తిప్పినవ్ గదా?"

"లేదు సార్. నేను ముట్టుకోలే. ఇప్పుడే పెట్టె తీసిన."

"సెలవులకు పోయేముందు ఆఖర్ల పట్టుకున్నది ఎవరు?"

"నేనే సార్. కానీ మంచిగనే ఉండె."

"మంచిగుంటే దానంతట అదే ఇరిగిందా? నువ్వు తప్ప దీన్ని పట్టేటోళ్లు ఎవరున్నరు ఈడ? మన అక్క కాల్చిందా?"

వెనకనుంచి ఒక పిల్ల, "పెద్దమ్మ ఒలింపిక్స్‌కు ప్రాక్టీసు చేస్తాంది సార్!" అంది. అందరూ నావైపు తిరిగి నవ్వారు.

నేనూ నవ్వాను.

నోరు మూసుకుని ఉండటం ఒకటి, నవ్వడం ఒకటి. నేను బకెట్ పక్కన నిలబడి, తడిబట్ట చేతిలో పట్టుకుని, పళ్లు కనపడేట్టు నవ్వాను. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. నన్ను ఒకసారి చూసి, తల దించుకుని పెట్టె మూసింది.

కంపెనీ ముక్క బయటి దేశం నుంచి రావాలి, రెండు నెలలు పడుతుందన్నారు. సారు కోపం మీద తండ్రికి ఫోన్ చేశాడు. వస్తువు పాడుచేసి ఒప్పుకోవడం లేదని, తుపాకి బాగయ్యేదాకా ఇక్కడ ఉండి చేసేదేమీ లేదని చెప్పాడు. పత్తి ఏరే రోజులు. కూలీలు దొరకడం లేదు. తండ్రి సాయంత్రం బస్సుకే వచ్చి తీసుకుపోయాడు. మెట్లు దిగుతూ ఆయన బిడ్డను తిడుతున్న మాటలు నేను పైనుంచి విన్నాను. "ఇరగ్గొడితే ఇరగ్గొట్టిన అని చెప్పే ధైర్నం ఉండాలె. అబద్ధం జెప్తవా?"

అప్పుడైనా ఆరు మెట్లు దిగితే సరిపోయేది.

ఎందుకు దిగలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పని పోతుందని భయం కొంత ఉంది. కానీ అది అసలు సంగతి కాదు. ఆ పిల్ల నన్ను చదువుకున్నదాన్ని చేసింది. ఆమె రాసిన మాటను నేను చదివి, దాటి, ఆమె వస్తువునే విరిచానని ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. నన్ను మంచిదని అనుకునే మనిషి దగ్గర మంచిదానిగా మిగలాలనే ఆశ నాకు ఆమె చాన్సు కంటే ఎక్కువైంది.

నాలుగు రోజులు ఆ ముక్కను కొంగున కట్టుకునే తిరిగాను. అయిదో రోజు వరంగల్ చౌరస్తా దగ్గర సందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయాను. మా ఆయన చేతి గడియారం బాగుచేసింది ఆయనే. కాగితం విప్పి ముక్క చూపించాను. కంటికి భూతద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది గడియారంది కాదు. కుట్టుమిషన్‌ది కాదు. ఏందిది చెల్లె?"

"తుపాకిది అన్నా."

ఆయన అద్దం తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అడవిల అన్నలల్ల కలిసినవా ఏంది, ఈ వయసుల?"

ఆటల పిస్టల్‌ది అని చెప్పాను. ఎట్లా విరిగిందో చెప్పలేదు. ఆయన ముక్కను గోటితో తట్టాడు.

"ఇది కొక్కెం. దీన్ని చేస్త గని సగం ముక్క తోటి కాదు. మిగిలిన సగం గావాలె, తుపాకి గావాలె. ఇది ఏ ముక్కను పట్టుకుంటదో దాని మీద అరుగుడు చూస్తెనే లోతు తెలుస్తది. ఫికర్ చెయ్యకు, తీస్కరా."

సారును ఒప్పించడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. "గడియారాలాయన తుపాకి బాగుచేస్తడా అక్కా? రేపు టైలర్ దగ్గరికి కూడ పొమ్మంటవు" అన్నాడు. చివరికి వేరే దారి లేక ఒప్పుకున్నాడు. ఆయన స్కూటరు వెనక కూర్చుని పెట్టెను ఒళ్లో పెట్టుకుని పోయాను.

పెద్దాయన పిస్టల్ విప్పి ట్రిగ్గర్ భాగం బయటికి తీశాడు. సన్నటి పట్టకారుతో లోపలినుంచి ఏదో లాగి తెల్లకాగితం మీద పెట్టాడు. నూనె పట్టిన పచ్చటి దారం ముక్క. దానికి అంటుకుని ఎండిన బంతిపువ్వు రెక్క.

"దసరాకు మంచిగనే పూజ చేసినట్టున్నరు" అన్నాడు.

సారు ముఖం ఎర్రబడింది. "చూసినవా అక్కా, ఆ పిల్ల పనే. దండ కట్టి గుంజింది. నేను అనుకున్నదే."

ఇది రెండోసారి. ఈసారి నన్ను చూసి నవ్వేవాళ్లు ఎవరూ లేరు, గదినిండా పిల్లలు లేరు, ఉన్నది ఇద్దరు మగమనుషులు, ఒక దారం. అప్పుడు కూడా బల్ల మీదున్న స్క్రూలు చూస్తూ నిలబడ్డాను.

పెద్దాయన చెయ్యి చాపాడు. "చెల్లె, ఆ రోజు నువ్వు తెచ్చిన సగం ముక్క ఏది? ఇటియ్యి."

సారు నావైపు తిరిగాడు. "నీ దగ్గర ఎట్లున్నది?"

కొంగు ముడి విప్పుతూ చెప్పాను. నేను చెప్పానని అనడం సరికాదు, దొరికిపోయాను. దండ, నూనె, పిన్నీసు, తుడిచిన బట్ట అన్నీ చెప్పాను. సారు తిట్టలేదు. అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చున్నాడు.

"తొమ్మిది రోజులాయె అక్కా" అన్నాడు. "ఆ పిల్ల చెప్తనే ఉన్నది, నేను చెయ్యలే సార్ అని. నేనే నమ్మలే."

పెద్దాయన అప్పటిదాకా దించిన తల ఎత్తలేదు. పాత గోడగడియారం లోపలి ఉక్కు ముక్క ఒకటి తీసి, విరిగిన రెండు సగాలు దానిమీద ఆనించి గీత గీసుకున్నాడు. ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పట్టింది. నేను పని అయ్యాక రెండు రోజులూ పోయి కూర్చున్నాను. ఆయన పొమ్మనలేదు. కొక్కెం ఆకారం వచ్చాక దాన్ని స్పిరిట్ దీపం మీద ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు.

"అయిపోయినట్టేనా అన్నా?"

"ఇప్పుడిది గాజు లెక్క. దెబ్బ తగిల్తె పలుగుతది" అన్నాడు. మళ్లీ సన్నటి మంట మీద పట్టుకుని, ముక్క ఎండుగడ్డి రంగులోకి తిరగ్గానే చటుక్కున తీశాడు. "ఇప్పుడు గట్టిగుంటది, ఇరగది. ఈ రంగు దాటితె మెత్తవడుతది. ఒక్క రెప్పపాటు."

పోటీలో ట్రిగ్గర్‌కు ఒక పరీక్ష ఉంటుంది. పిస్టల్‌ను నిలువుగా పట్టుకుని మీటకు అర కిలో బరువు తగిలించి లేపితే, బరువు లేవాలి గాని మీట జారకూడదు. అంతకంటే తేలిగ్గా జారితే ఆడనివ్వరు. సారు తన బరువు తెచ్చి తగిలించాడు. మొదటిసారి టక్కున జారింది. పెద్దాయన మళ్లీ విప్పి, నూనెరాయి మీద నాలుగుసార్లు రుద్ది, బిగించాడు. రెండోసారి బరువు లేచింది. మూడోసారీ లేచింది. సారు బరువు తీసి పక్కన పెట్టాడు. నాకు సంతోషం రాలేదు.

"ఫోన్ చెయ్యను" అన్నాడు సారు. "నువ్వే పోయి తీస్కరా. వాళ్లకు ఏం జెప్తవో నువ్వే జెప్పు."

నర్సంపేట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. చేనులో ఉన్నారని ఇంటి పక్కవాళ్లు చెప్పారు. తండ్రి, తల్లి, బిడ్డ మూడు సాళ్లలో పత్తి ఏరుతున్నారు. ఆమె నడుముకు పాత చీర ముక్కతో ఒడి కట్టుకుంది. నన్ను చూసి చెయ్యి ఊపలేదు, పని ఆపలేదు.

తండ్రి గట్టు మీదికి వచ్చాడు. "తుపాకి మంచిగైందా అక్కా?"

గట్టు మీద నిలబడే మొత్తం చెప్పాను. ఆయన విని, తలగుడ్డ తీసి దులిపి మళ్లీ కట్టుకున్నాడు.

"పోనియ్ తియ్. దేవునికే చేసినవ్ గద, పాపానికి చేసినవా? తాగుడు నీళ్లిస్తా, నీడకు కూసో."

ఆయన అట్లా అనడం నాకు దెబ్బలా తగిలింది. అవే చేతులతో పన్నెండు రోజుల క్రితం బిడ్డను రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. నాకు నీళ్లిస్తానన్నాడు.

ఆమె సాలు చివరిదాకా ఏరుకుంటూ వచ్చి, ఒడి విప్పి పత్తి కుప్పలో పోసి, నా ముందు నిలబడింది.

"నాకెరుకే పెద్దమ్మా."

"ఏం ఎరుక బిడ్డా?"

"పెట్టె తీసిన రోజే ఎరుక. పసుపు వాసనొచ్చింది. నీ గోళ్లు చూసిన."

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన" అంది. "మెట్లు దిగేదాక చూసిన. బస్సు కాడ గూడ చూసిన."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నన్ను ఊరుకోబెట్టనూ లేదు. బట్టలు సర్దుకు వస్తానని ఇంటివైపు నడిచింది. అప్పుడు ఆమె చేతులు చూశాను. పత్తికాయ ఎండితే పైతొక్క కొనలు ముళ్లలా గుచ్చుకుంటాయి. పది వేళ్లూ గీసుకుపోయాయి. కుడిచేతి చూపుడువేలు కొన రెండుచోట్ల పగిలి నల్లగా గట్టిపడింది. ట్రిగ్గర్ మీద పెట్టే వేలు అదే. మీట రెండు దశల్లో లాగుతారని, మొదటి దశ ఎక్కడ ఆగిందో ఆ వేలి మెత్తదనానికే తెలియాలని సారు పిల్లలకు రోజూ చెప్పేది నేను వింటూనే ఉన్నాను.

పోటీకి వారం రోజులు ఉంది. కొబ్బరినూనె, మలాము, గోరువెచ్చని నీళ్లు, అన్నీ చేశాం. వేలు మానింది గాని పైచర్మం మొద్దుగానే ఉంది. ఆమె రోజూ అదనంగా గంట కాల్చింది. నేను టార్గెట్లు మారుస్తూ చిల్లులు చూసేదాన్ని. దసరాకు ముందు చుక్క మధ్యలో గుంపుగా పడేవి, ఇప్పుడు కుడికి జారుతున్నాయి. ఆమె కూడా చూసేది.

సారు ఆమెను తీసుకుని హైదరాబాద్ పోయాడు. ముగ్గురిని తీసుకున్నారు. ఆమె అయిదోది.

తిరిగొచ్చిన మర్నాడు గదికి వచ్చింది. పిల్లలు ఇంకా రాలేదు. నేను సీసపు గింజలు ఎత్తుతున్నాను. వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. తండ్రి ఏమన్నాడని అడిగాను. పరీక్షలయ్యాక చూద్దాం అన్నాడని, చూద్దాం అంటే ఏమిటో తనకూ తెలియదని చెప్పింది.

"ట్రిగ్గర్ మంచిగనే ఉండె పెద్దమ్మా. ఆ తాత మస్తు చేసిండు. నాకే తెలవలే, ఏడ ఆగుతాందో. వేలు నాది కానట్టున్నది."

"నా వల్లనే బిడ్డా."

ఇంతకుముందు ఇదే మాట నేనంటే సారు "అట్లనుకోకు అక్కా, తొందరపడి పంపింది నేను" అన్నాడు. తండ్రి దేవుడి మీదికి తోశాడు. గడియారాలాయన, ఇనుము అన్నంక ఇరగదా అన్నాడు. ఆమె ఎదురుగోడ మీద వరసగా ఉన్న కొత్త టార్గెట్లు చూసింది.

"అవు" అంది. "నీ వల్లనే."

తర్వాత లేచి డబ్బా నా వైపు జరిపి, తనూ వంగి గింజలు ఏరడం మొదలుపెట్టింది. చూపుడువేలు వాడకుండా, బొటనవేలు, మధ్యవేలితో ఏరుతోంది. నేను వద్దన్నాను. ఆమె వినలేదు.